మూడో సొట్ట తర్వాత

హైదరాబాద్‌లో ఏ డెంటింగ్, పెయింటింగ్ షెడ్డుకైనా సోమవారం పొద్దున వెళ్తే ఇలాంటి కారు ఒకటి కనిపిస్తుంది. కొని మూడేళ్లయిన తెల్ల కారు. ఎడమ వెనక డోరు మీద గేటు స్తంభం గీసిన చార. దానికి వేసిన రంగు ఇంకా పక్క డోరుతో కలవలేదు. ముందు బంపర్ మీద ఆటోకి తగిలిన గుర్తు. ఇప్పుడు కుడివైపు హెడ్‌లైట్ పగిలి, ఫెండర్ లోపలికి పోయింది. ఈసారి డివైడర్. నడిపింది ఇంజినీరింగ్ రెండో సంవత్సరం అబ్బాయి, లైసెన్స్ వచ్చి ఎనిమిది నెలలు. తండ్రి మేస్త్రీని అడిగేవి మూడే మాటలు: ఎన్ని రోజులు పడుతుంది, రంగు కలుస్తుందా, క్లెయిమ్‌కి వెళ్లాలా లేక చేతి డబ్బు పెట్టుకోవాలా. అబ్బాయి బయట ఫోన్ చూసుకుంటూ నిలబడి ఉంటాడు. డివైడర్ ఎలా తగిలింది, అప్పుడు టైమెంత, కార్లో ఎవరెవరున్నారు, బ్రేకు ఎక్కడ వేశాడు అన్న మాట షెడ్డులో రాదు. చాలా ఇళ్లలో ఇంటికి వెళ్లాక కూడా రాదు.

ఆ మాట రావాలి. మూడు సొట్టలంటే ఆ పిల్లవాడు ఎలా నడుపుతున్నాడో చెప్పే మూడు నివేదికలు. పోలీసులకూ బీమా కంపెనీకీ అందకముందే అవి తల్లిదండ్రుల చేతికి అందాయి. ఎవరికీ దెబ్బ తగలకుండా అందాయి. వాటిని చదవకుండా పుట్టీ పెట్టి, రంగు కొట్టి చెరిపేస్తే నాలుగోది ఎలా వస్తుందో ఎవరూ చెప్పలేరు.

పిల్లలు పదేపదే వాహనాలు గుద్దుతున్నప్పుడు మన ఇళ్లలో ఎక్కువగా మూడు స్పందనలు కనిపిస్తాయి. మొదటిది తేలిగ్గా తీసుకోవడం. ‘చిన్న టచ్చే నాన్నా’ అని అబ్బాయి అంటాడు, ‘అందరూ గుద్దుకుంటూనే నేర్చుకున్నారు’ అని మేనమామ సర్దిచెబుతాడు. రెండోది తాళాలు లాక్కోవడం. నాలుగు రోజులు ఇల్లంతా ముభావంగా ఉంటుంది, ఐదో రోజు కూరగాయలకో చెల్లెల్ని ట్యూషన్ నుంచి తీసుకురావడానికో అవే తాళాలు అదే చేతికి వెళ్తాయి. మధ్యలో అతను కొత్తగా నేర్చుకున్నదేమీ ఉండదు. మూడోది దిష్టి. గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, గుళ్లో మళ్లీ వాహన పూజ చేయిస్తారు. భయపడ్డ మనసుకు అది ధైర్యమిస్తుంది, తప్పు పట్టాల్సిన పని లేదు. కానీ రాత్రి పదకొండున్నరకి వెనక సీట్లో ముగ్గురు స్నేహితులతో వెళ్తూ డివైడర్ ఎక్కించిన అబ్బాయి, వచ్చే శనివారం కూడా అదే టైముకి అదే ముగ్గురితో బయల్దేరితే పూజ చేయించిన ఫలితం నిలవదు.

ఈ మూడింట్లోనూ లోపించింది ఒకటే. ఆ అబ్బాయికి రోడ్డు ఎంత మోతాదులో ఇవ్వాలన్న లెక్క. అది తల్లిదండ్రుల అజాగ్రత్త ఒక్కటే కాదు. మన చట్టంలోనే ఆ లెక్క లేదు.

మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం 18 ఏళ్లు నిండితే కారు లైసెన్సుకు అర్హత. 50 సీసీ దాటని ఇంజిన్ ఉన్న బండికైతే 16. లెర్నర్ లైసెన్స్ తీసుకున్న 30 రోజులకు పరీక్షకు వెళ్లొచ్చు. ఆ నెల రోజులూ బండికి ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి, లైసెన్స్ ఉన్న మనిషి పక్కన కూర్చోవాలి. తర్వాత నాగోలు లాంటి ట్రాక్ మీద హెచ్ ఆకారంలో ముందుకీ వెనక్కీ నడిపి చూపించాలి. పాసైన మర్నాటి నుంచి ఏ ఆంక్షా లేదు. అర్ధరాత్రి, కుండపోత వానలో, ఐదుగురిని ఎక్కించుకుని ఔటర్ రింగ్ రోడ్డు మీదికి వెళ్లినా చట్టం దృష్టిలో అతనూ ముప్పై ఏళ్లుగా నడుపుతున్న వాళ్ల నాన్నా ఒకటే. నిన్నటిదాకా ఒంటరిగా నడిపితే నేరం, ఇవాళ్టి నుంచి పూర్తి స్వేచ్ఛ. మధ్యలో మెట్లు లేవు. ఆ ట్రాక్ మీద ఎదురుగా ఆటో రాదు, స్కూటీ మీద మనిషి సందులోంచి దూరడు, బస్సు ముందు నుంచి బడిపిల్ల పరుగెత్తదు. హెచ్ కొట్టడం వచ్చిందంటే స్టీరింగ్ తిప్పడం వచ్చిందనే అర్థం. రోడ్డు చదవడం అప్పటికి మొదలే కాలేదు.

2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకు వీలు కల్పించాయి. కారుకు నాలుగు వారాల్లోపు 29 గంటల శిక్షణ. అందులో 21 గంటలు నడపడం, 8 గంటలు పాఠం. ఇది మంచి అడుగు. అయినా అక్కడ పూర్తి చేసుకుని బయటికొచ్చిన పిల్లవాడికి కూడా తర్వాతి ఏడాదికి మెట్లేమీ లేవు.

పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వయసు రోడ్డు మీద ఎందుకు ప్రత్యేకమో ప్రపంచమంతా చాలాకాలంగా అధ్యయనం చేస్తోంది. అమెరికాలో నడిపిన దూరం లెక్కన చూస్తే 16 నుంచి 19 ఏళ్ల వాళ్ల చేతుల్లో జరిగే ప్రాణాంతక ప్రమాదాలు, ఇరవై దాటిన వాళ్లతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు. కారణం పొగరు అనుకుంటారు పెద్దలు. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి పరిశోధకులు అక్కడి తీవ్ర ప్రమాదాలను ఒక్కొక్కటిగా విడదీసి చూసి 2011లో చెప్పింది వేరు. టీనేజ్ డ్రైవర్ పొరపాటు వల్ల జరిగిన ప్రమాదాల్లో మూడు తప్పులు ముందు నిలిచాయి. చుట్టూ చూడాల్సినంత చూడకపోవడం, రోడ్డు పరిస్థితికి మించిన వేగం, ధ్యాస మళ్లడం. ఒక్కోటీ 20, 21 శాతం. వేగపరిమితి దాటకపోయినా వానపడ్డ రోడ్డు మీద అదే వేగం ఎక్కువే అవుతుంది. ఇవన్నీ ఎక్కువగా కొత్తవాళ్ల తప్పులు. తిడితే పోవు, సాధనతో పోతాయి.

వయసు వల్ల వచ్చేది మరొకటుంది. టెంపుల్ విశ్వవిద్యాలయంలో లారెన్స్ స్టైన్‌బర్గ్, మార్గో గార్డనర్ కలిసి 2005లో ప్రచురించిన ప్రయోగంలో టీనేజ్ పిల్లలకూ పెద్దవాళ్లకూ తెర మీద కారు నడిపే ఆట ఇచ్చారు. పసుపు లైటు పడ్డాక ఆగాలా, ఇంకాస్త ముందుకు పోవాలా అన్నదే ఆట. ఒంటరిగా ఆడినప్పుడు పిల్లలకీ పెద్దలకీ పెద్ద తేడా లేదు. స్నేహితులు చుట్టూ చేరి చూస్తున్నప్పుడు పిల్లలు సాహసాలు చేయడం బాగా పెరిగింది, పెద్దవాళ్లలో దాదాపు పెరగలేదు. తండ్రి పక్కనుంటే బుద్ధిగా నడిపే అబ్బాయే స్నేహితులతో వేరే మనిషెందుకవుతాడో ఇక్కడ అర్థమవుతుంది. అది నటన కాదు, మోసం కాదు. ఆ వయసు మెదడు పని చేసే తీరే అంత. తొందరను అదుపు చేసే ముందు భాగం పూర్తిగా పరిపక్వం కావడానికి ఇరవై దాటి చాలా కాలం పడుతుంది.

దీన్ని గుర్తించిన దేశాలు లైసెన్సును మెట్లుమెట్లుగా ఇవ్వడం మొదలుపెట్టాయి. న్యూజిలాండ్ 1987లో మొదలుపెట్టింది. అమెరికాలో 1996లో ఫ్లోరిడా ముందుకొచ్చింది, తర్వాత మిగతా రాష్ట్రాలన్నీ ఏదో ఒక రూపంలో అనుసరించాయి. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉన్న న్యూజెర్సీలో మధ్య మెట్టు మీదున్న పిల్లలు రాత్రి 11 దాటాక ఉదయం 5 దాకా నడపకూడదు, తల్లిదండ్రులు పక్కన లేకపోతే బయటివాళ్లను ఒక్కరికి మించి ఎక్కించుకోకూడదు. 21 ఏళ్ల లోపు కొత్త డ్రైవర్ల కారు నంబర్ ప్లేట్లకు ఎర్రటి స్టిక్కర్ అతికించాలన్న చట్టం 2010 మే నుంచి అమల్లో ఉంది. కాలిఫోర్నియాలో 18 లోపు పిల్లలు పరీక్షకు వెళ్లాలంటే పెద్దవాళ్ల పక్కన 50 గంటలు నడిపి ఉండాలి, అందులో 10 గంటలు రాత్రిపూట. నడిపారని తల్లిదండ్రులు సంతకం పెట్టాలి.

ఆ 50 గంటలు అక్కడి తెలుగు ఇళ్లలో అంత తేలిక కాదు. తండ్రి ఇరవై ఆరో ఏట అమెరికా వెళ్లాక నడపడం నేర్చుకున్నాడు, తల్లి ముప్పై దాటాక. పదహారేళ్ల కూతురు స్టీరింగ్ పట్టుకుంటే ఎడమ మలుపు దగ్గర తల్లి కాలు లేని బ్రేకును తొక్కుతుంది, ‘ఆగు, ఆగు, ఆగవే’ అంటుంది. అమ్మాయికి చిరాకు, అమ్మకి భయం. మొదటి గీత పడగానే బీమా ప్రీమియం పెరిగిందన్న కోపం తోడవుతుంది. అయినా అక్కడ ఒక వసతి ఉంది. రాత్రి పదకొండుకి ఇంటికి రమ్మన్నది అమ్మ కాదు, రాష్ట్రం. ఇంట్లో వాదన ఆ మేరకు తగ్గుతుంది.

మన దగ్గర ఆ మాట తల్లిదండ్రులే అనాలి. చట్టం కట్టని మెట్లను ఇంట్లోనే కట్టుకోవాలి. ముఖ్యంగా పిల్లవాడు రెండోసారి, మూడోసారి గుద్దినప్పుడు దాన్ని అర్థం చేసుకోవాల్సిన పద్ధతి ఇదే: అతను నిలబడగలిగిన మెట్టు కన్నా పై మెట్టు మీదికి ఎక్కించాం. అంటే ఒక మెట్టు కిందికి దించాలి. మెట్ల మీద నుంచే తోసేయడం వల్ల ఉపయోగం లేదు.

ఇది వట్టి నమ్మకం కాదని చెప్పే ఆధారాలున్నాయి. అమెరికాలోని వర్జీనియాలో కొత్తగా లైసెన్స్ వచ్చిన 42 మంది పిల్లల కార్లలో కెమెరాలు, వేగాన్నీ కుదుపులనూ కొలిచే పరికరాలు బిగించి 18 నెలలు గమనించారు. పెద్దవాళ్లు కార్లో ఉన్నప్పుడు ప్రమాదాలు, ప్రమాదం అంచుదాకా వెళ్లిన ఘటనలు 75 శాతం తక్కువ. దుడుకు స్నేహితులున్న పిల్లల్లో అవి దాదాపు రెట్టింపు. పక్కన పెద్దవాళ్లుంటే తగ్గడానికి కారణం భయభక్తులు ఒక్కటే అయి ఉండదు. రోడ్డు మీద రెండు కళ్లకు బదులు నాలుగు కళ్లుంటాయి.

ఇంకో ప్రయోగం ఇంతకన్నా విలువైంది. 90 మంది కొత్త డ్రైవర్ల కార్లలో గట్టిగా బ్రేకు వేసినా, మలుపు విసురుగా తిప్పినా లైటు వెలిగే పరికరం పెట్టారు. సగం మందికి ఆ లైటు ఒక్కటే. మిగతా సగం మందికి లైటుతో పాటు ఆ వారంలో ఎన్నిసార్లు అలా జరిగిందో చెప్పే నివేదిక, వీడియో ముక్కలు తల్లిదండ్రులకు కూడా వెళ్లేవి. 13 వారాల తర్వాత చూస్తే లైటు మాత్రమే ఉన్నవాళ్లలో దుడుకుతనం తగ్గలేదు. తల్లిదండ్రులకు నివేదిక వెళ్లిన వాళ్లలో స్పష్టంగా తగ్గింది. ఈ మధ్య మన దగ్గర కూడా కార్లలో డాష్‌క్యామ్‌లు, ట్రాకర్లు పెట్టించి పని అయిపోయిందనుకుంటున్నారు. ఆ పరికరం దానంతటది పిల్లవాణ్ని మార్చదు. ఆదివారం పొద్దున తండ్రో తల్లో పక్కన కూర్చుని ‘ఈ బ్రేకు ఎందుకు వేయాల్సి వచ్చింది రా’ అని అడిగితే మారుతుంది.

ఎలా అడుగుతారన్నది కూడా అంతే ముఖ్యం. అమెరికాలో 5,665 మంది హైస్కూలు విద్యార్థులపై చేసి 2009లో ప్రచురించిన సర్వేలో, ప్రేమగా ఉంటూనే నియమాలు పెట్టి గమనించే తల్లిదండ్రుల పిల్లలు ప్రమాదాలు చేసే అవకాశం పట్టించుకోని ఇళ్లతో పోలిస్తే సగమే. మరో సంగతి కూడా తేలింది. తమకంటూ సొంత కారు ఉన్న, లేదా ఇంట్లో కారు ఎక్కువగా తామే వాడుకునే పిల్లలు, అడిగి తీసుకెళ్లే పిల్లల కన్నా రెండు రెట్లకు పైగా ఎక్కువ ప్రమాదాలు చేశారు. ఇంజినీరింగ్ సీటు వచ్చిందని కారు కొనిచ్చే ఇళ్లు ఆలోచించాల్సిన మాట ఇది. ‘నాన్నా, తాళాలు తీసుకోనా’ అని అడగాల్సి రావడమే ఒక రక్షణ. ఆ ప్రశ్న వచ్చినప్పుడే ఎక్కడికి, ఎవరితో, ఎప్పటికి వస్తావు అని అడిగే వీలుంటుంది.

ఇక సొట్టలను చదవడం. ఒక్కో సొట్ట ఒక్కో మాట చెబుతుంది. గేటు దగ్గర, పార్కింగ్‌లో గీతలు పడుతున్నాయంటే కారు కొలత ఇంకా ఒంటికి పట్టలేదు. అది ప్రమాదకరం కాదు, ఖాళీ మైదానంలో నాలుగు ఆదివారాలు రివర్స్ చేయిస్తే పోతుంది. ముందు వాహనాన్ని వెనక నుంచి తగిలిస్తున్నాడంటే ఎడం పాటించడం లేదు, లేదా కళ్లు రోడ్డు మీద లేవు. ఫోన్ గురించి అక్కడే మాట్లాడాలి. కూడళ్లలో పక్క నుంచి వచ్చేవాళ్లు తగులుతున్నారంటే చూపు ముందుకే అతుక్కుపోయింది, అద్దాలు వాడటం లేదు. డివైడర్లు, మలుపులు, ఒంటరి దెబ్బలు వేగాన్నో నిద్రనో చూపిస్తాయి. ఈ చివరిదే అన్నిటికన్నా ప్రమాదకరమైన రకం. మూడు దెబ్బలూ రాత్రి తగిలినవే అయితే, మరేమీ అడగకుండా ముందు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. కళ్లజోడు అవసరమని తెలియక, తెలిసినా స్నేహితుల ముందు పెట్టుకోక నడిపే పిల్లలున్నారు.

నిద్ర సంగతి మన ఇళ్లలో పెద్దగా ఎవరూ పట్టించుకోరు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, ఫేయెట్ కౌంటీలో బడిని ఒక గంట ఆలస్యంగా మొదలుపెడితే తర్వాత రెండేళ్లలో అక్కడి టీనేజ్ డ్రైవర్ల ప్రమాదాలు 16.5 శాతం తగ్గాయి. అర్ధరాత్రి దాకా రికార్డులు రాసి, పొద్దున్నే తొలి క్లాసుకు పాతిక కిలోమీటర్ల దూరంలోని కాలేజీకి నడుపుకుంటూ వెళ్లే అబ్బాయిని ఆ రోజుకి కాలేజీ బస్సు ఎక్కమనడం శిక్ష కాదు. ఏకాగ్రత లోపం కూడా ఉండొచ్చు. ఏడీహెచ్‌డీ ఉన్న యువతకు మొదటి ప్రమాదం ముప్పు 36 శాతం ఎక్కువని న్యూజెర్సీ యువ డ్రైవర్లపై 2017లో వచ్చిన అధ్యయనం చెప్పింది. చిన్నప్పటి నుంచి ‘వీడికి ధ్యాస ఉండదు’ అని ఇంట్లో అనుకుంటున్న పిల్లవాడు వరసగా గుద్దుతుంటే తిట్లు ఆపి మానసిక వైద్యుణ్ని కలవాలి. వైద్యం ఉన్న సమస్య అది.

పక్కన కూర్చుని నేర్పేటప్పుడు చేయాల్సింది కేకలు వేయడం కాదు, మాట్లాడించడం. తెల్లారి ఆరింటికి, రోడ్డు ఇంకా ఖాళీగా ఉన్నప్పుడు, అబ్బాయి నడుపుతూ తనకు కనిపించేవన్నీ పైకి చెప్పాలి. ‘ముందు పాల వ్యాను, ఆగేలా ఉంది. ఎడమ పక్క చెత్త ఊడ్చే ఆవిడ. అద్దంలో బైకు, దగ్గరికొస్తోంది. ఎదురుగా బస్సు ఆగింది, దాని ముందు నుంచి ఎవరైనా రావచ్చు.’ మొదటి పది నిమిషాలూ నవ్వొస్తుంది, సిగ్గేస్తుంది. తర్వాత తండ్రికి తెలుస్తుంది, కొడుకు ఏం చూస్తున్నాడో, ఏం చూడటం లేదో. ముందు వ్యాను ఆగేలా ఉందన్న సంగతి అతను ఒక్కసారి కూడా చెప్పకపోతే బంపర్ మీద ఆటో గుర్తు ఎలా పడిందో షెడ్డులో అడగని ప్రశ్నకు అక్కడ జవాబు దొరుకుతుంది.

తండ్రి కూడా తాను ఎలా నడుపుతాడో చూసుకోవాల్సిన చోటు ఇదే. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ నొక్కిపట్టి పదేళ్లుగా నడుపుతున్న మనిషి వెనక సీట్లో ఆ పదేళ్లూ ఒక పిల్లవాడు కూర్చుని చూశాడు. రాంగ్ రూట్‌లో వంద మీటర్లు వెళ్తే యూటర్న్ తప్పుతుందని అతనికి నేర్పింది డ్రైవింగ్ స్కూలు కాదు.

తెలుగు రాష్ట్రాల్లో ఇంతకన్నా పెద్ద సమస్య బైకు. కారు సొట్టపడే చోట బైకు మీద ఎముక విరుగుతుంది. 2011 సెప్టెంబర్‌లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద క్రికెటర్ అజారుద్దీన్ కుమారుడు అయాజుద్దీన్ 19 ఏళ్ల వయసులో 1000 సీసీ బైకు ప్రమాదంలో చనిపోయాడు, వెనక కూర్చున్న బంధువుల అబ్బాయి కూడా. దేశమంతా ఆ తండ్రి దుఃఖాన్ని చూసింది. బైకు శక్తికీ నడిపే చేతి అనుభవానికీ పొంతన ఉండాలన్న నియమం మన చట్టంలో ఇప్పటికీ లేదు. 18 నిండి గేర్ల బండి లైసెన్స్ ఉంటే 100 సీసీ అయినా 1000 సీసీ అయినా ఒకటే. ఆ తేడా చూడాల్సింది షోరూమ్‌లో చెక్కు రాసే మనిషే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్లలో మూడింట రెండొంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల లోపు వాళ్లు.

18 నిండని పిల్లల విషయంలో చట్టం సందేహానికి తావివ్వదు. 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ ప్రకారం మైనర్ నడుపుతూ నేరం చేస్తే సంరక్షకుడు లేదా వాహన యజమాని దోషి. మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, 12 నెలలు రిజిస్ట్రేషన్ రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లెర్నర్ లైసెన్స్ కూడా రాదు. తమకు తెలియకుండా తీసుకెళ్లాడని నిరూపించుకోవాల్సిన భారం తల్లిదండ్రులదే. కీ తాను ఇవ్వలేదని వాదించిన ఒక మోటారు సైకిల్ యజమానికి 2011లో జవహర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే: లైసెన్స్ లేని మైనర్ చేతిలో బండి దుర్వినియోగం కాకుండా చూసుకోవాల్సింది యజమాని. బీమా కంపెనీ బాధితులకు చెల్లించిన డబ్బు ఆయన నుంచి వసూలు చేసుకోవచ్చు.

2016 ఏప్రిల్‌లో ఢిల్లీ సివిల్ లైన్స్‌లో రోడ్డు దాటుతున్న 32 ఏళ్ల యువకుణ్ని మెర్సిడెస్ ఢీకొట్టి చంపింది. నడిపిన కుర్రాడికి 18 నిండటానికి నాలుగు రోజులు తక్కువ. అంతకుముందు కూడా ట్రాఫిక్ ఉల్లంఘనలున్నాయని పోలీసులు చెప్పారు, తండ్రి మీదా కేసు పెట్టారు. అంటే అక్కడా నివేదికలు ముందే అందాయి. 2024లో మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ మృతుడి తల్లిదండ్రులకు వడ్డీతో కలిపి దాదాపు 1.98 కోట్ల పరిహారం చెల్లించాలని బీమా కంపెనీని ఆదేశించి, ఆ మొత్తాన్ని కారు ఎవరి పేరున ఉందో ఆ సంస్థ నుంచి రాబట్టుకోవచ్చంది.

అదే 2024లో, మే 19 తెల్లవారుజామున, పుణేలోని కల్యాణి నగర్‌లో 17 ఏళ్ల కుర్రాడు రిజిస్ట్రేషన్ కూడా కాని పోర్షే నడిపి బైకు మీద వెళ్తున్న ఇద్దరు యువ ఇంజినీర్ల ప్రాణాలు తీశాడు. 300 పదాల వ్యాసం రాయమన్న షరతుతో బెయిల్ రావడం మీద దేశమంతా కోపం వెల్లువెత్తింది. న్యాయమైన కోపం. కానీ ఆ కేసులో అంతకన్నా కలచివేసే సంగతి తర్వాత బయటపడింది. కొడుకు రక్తం నమూనాకు బదులు తల్లి రక్తం ఇచ్చారని, నేరం నెత్తిన వేసుకోమని డ్రైవర్ మీద ఒత్తిడి తెచ్చారని ఆరోపణలొచ్చాయి. తల్లి, తండ్రి, తాత అరెస్టయ్యారు. సొట్టకు రంగు కొట్టించడానికీ నమూనా మార్చడానికీ మధ్య ఎంతో దూరముంది, నిజమే. కానీ బిడ్డ చేసిన దాని ఆనవాలు చెరిపేయడమే బిడ్డను కాపాడుకోవడం అన్న ఆలోచన రెండింట్లోనూ ఉంది.

అందుకే డబ్బు లెక్క కూడా పిల్లవాడి ముందు పెట్టాలి. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై ఐదేళ్లకు 50 శాతానికి చేరే నో క్లెయిమ్ బోనస్ ఒక్క క్లెయిమ్‌తో పోతుందని చాలామంది పిల్లలకు తెలియదు. రిపేరు ఖర్చంతా వాడి పాకెట్ మనీలోంచి కోయడం సాధ్యం కాదు. నెలకు కొంత కోసినా, బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ కాలేజీకి బస్సులో పంపినా లెక్క తెలుస్తుంది. గుద్దిన ఆటో డ్రైవర్ దగ్గరికి తండ్రితో కలిసి వెళ్లి ఆయనకు ఎన్ని రోజుల బేరం పోయిందో వినడం అన్నిటికన్నా బాగా తెలియజేస్తుంది.

కొన్ని సందర్భాల్లో మాత్రం మెట్టు దించడం సరిపోదు, తాళాలు పూర్తిగా తీసుకోవాలి. తాగి నడిపితే. గుద్ది ఆగకుండా వచ్చేస్తే. జరిగింది దాచి అబద్ధమాడితే. చట్టం ప్రకారం గాయపడ్డవాళ్లకు వైద్యం అందేలా చూడాలి, 24 గంటల్లోగా పోలీసులకు చెప్పాలి. బండి ఆపు, 108కి ఫోన్ చెయ్యి, తర్వాత నాకు చెయ్యి అన్న వరస లైసెన్స్ వచ్చిన రోజే పిల్లవాడికి నోటికి రావాలి. ఆ ఫోన్ చేయడానికి వాడు భయపడకూడదంటే గీత పడిన చిన్న సంగతి చెప్పినప్పుడు ఇంట్లో ఏం జరిగిందన్నది ముఖ్యం. గీతకే చెంప వాయిస్తే పెద్ద దెబ్బ జరిగినప్పుడు వాడు ఇంటికి ఫోన్ చేయడు, స్నేహితుడికి చేస్తాడు.

పందొమ్మిదేళ్లవాడు ‘లైసెన్స్ నాది, నా ఇష్టం’ అంటాడు. అనొచ్చు కూడా, చట్టం అతన్ని పెద్దవాడిగానే చూస్తోంది. ఆర్‌సీ మీద పేరు మాత్రం తండ్రిదో తల్లిదో. ఆ ఒక్క కాగితం ఆధారంగా ఇంకో కాగితం రాసుకోవచ్చు. మూడో సొట్ట బాగయి షెడ్డు నుంచి బండి వచ్చిన రోజున, ఒక పేజీ చాలు. రాత్రి తొమ్మిది తర్వాత వద్దు. కార్లో ఒక్క స్నేహితుడికి మించి వద్దు. ఔటర్ మీదికి పెద్దవాళ్లు పక్కనుంటేనే. ఫోన్ డాష్‌బోర్డ్ అరలో. ఆదివారం పొద్దున గంటసేపు అమ్మో నాన్నో పక్కన. తాగిన స్నేహితుడి బండి ఎక్కాల్సిన పరిస్థితి వస్తే అర్ధరాత్రయినా ఫోన్ చేస్తే వచ్చి తీసుకెళ్తాం, ఆ రాత్రికి ప్రశ్నలుండవు అని తల్లిదండ్రుల వైపు నుంచి కూడా ఒక మాట. కింద ఇద్దరి సంతకాలు. దసరాకి రాసుకుంటే సంక్రాంతికి తీసి మళ్లీ చదవాలి. అప్పటికి కొత్త గీత ఏదీ పడకపోతే తొమ్మిది పదిన్నర అవుతుంది, ఒక స్నేహితుడు ఇద్దరవుతారు. పడితే ఎక్కడ, ఎప్పుడు, ఎలా పడిందో అదే కాగితం వెనక రాసుకుని, మళ్లీ ఉగాది దాకా.